లెక్కలోకి రాని నీళ్ళు

జర్కా తూర్పు కొండ మీద మంగళవారమే నీళ్ళవారం.
తెల్లారకముందు నా పికప్ దగ్గు వినబడితే చాలు
మేడల మీద దీపాలు వెలుగుతాయి.
మిత్ఖాల్ నా పేరు. ప్రభుత్వంవారి వాల్వు మనిషిని.
భుజాన టీ అక్షరంలాంటి ఇనుప తాళంచెవి,
నా ఎత్తులో ముప్పాతిక.
మూత ఎత్తి, గోతిలోకి దించి, పందొమ్మిది చుట్లు తిప్పితే
పైపు ముందు గాలి కక్కుతుంది,
తర్వాత తుప్పు,
ఆ తర్వాతే నీళ్ళు.

ఇరవైమూడేళ్ళుగా తిప్పుతున్నాను.
మొదట్లో వారానికి రెండ్రోజులు. తర్వాత ఒకటి.
ఈ వేసవి నుంచి పద్నాలుగు గంటలు.
కాగితం మీద గంటలు తగ్గించడం
పైవాళ్ళకి మంచినీళ్ళ ప్రాయం.

టీవీలో పటాలు చూపిస్తారు.
దక్షిణాన సముద్రం ఉప్పు విడిచి
ఎడారి దాటి, కొండలెక్కి వస్తుందట.
నీలం గీత ఒకటి మా ఊరి పక్కనుంచి పోతుంది.
మా జుమానా ఆ గీత మీద వేలు పెట్టి
వేలు చూసుకుంది, తడి అంటిందేమోనని.
వాళ్ళమ్మ నవ్వింది. నేను నవ్వలేదు.
నేను ఆ గీతను నమ్ముతాను.
నమ్మకపోతే ఈ ఇనుము మొయ్యలేను.

పోయిన నెల అక్రమ బోర్లు పూడ్చడానికి నన్నూ తీసుకెళ్ళారు.
పుచ్చతోట మధ్యలో కాంక్రీటు లారీ,
నలుగురు పోలీసులు, ఎండ.
తోట ఆసామి అరవలేదు, తిట్టలేదు.
"ఒక్క కెటిల్ పట్టుకోనివ్వండి" అన్నాడు.
పట్టుకున్నాడు. మాకే టీ కాచి ఇచ్చాడు.
ఆ నేల కింద నీళ్ళు ఏటా మనిషెత్తు దిగిపోతున్నాయి,
తాడు వేసి కొలిచింది నేనే.
చేసింది న్యాయమే.
ఆ టీ మాత్రం ఇప్పటికీ గొంతులోంచి దిగలేదు.

శనివారం రాత్రి తలుపు చప్పుడు.
రొట్టెల బట్టీ అబూ సుఫ్యాన్ పోయాడు.
ట్యాంకు అడుగున బురద, బావమరిది చేతిలో రెండు సీసాలు.
ట్యాంకరువాడు పొద్దున్నే అన్నాడు, మూడింతలు అన్నాడు.
మూడుసార్లు కడగాలి మనిషిని,
చాలకపోతే ఐదుసార్లు.

తాళంచెవికి గుడ్డ చుట్టాను, చప్పుడు రాకుండా.
పందొమ్మిది కాదు, ఆరు చుట్లు.
పైపు ఊరుకుంటుందా? దగ్గింది.
సందు సందంతా లేచింది.
మేడలెక్కే చెప్పుల చప్పుడు.
అయిపోయింది, ఎవరికి వాళ్ళు నింపేసుకుంటారు అనుకున్నాను.
చీకట్లో ఒక్కో కుళాయి కిర్రుమంది...
కట్టేస్తున్నారు.
పైన తమ ట్యాంకులకు తామే గొళ్ళెం పెట్టి
నీళ్ళని ఆ ఒక్క ఇంటికి నడిపిస్తున్నారు.
నాలుగో మేడవాళ్ళు మాత్రం కట్టలేదు.
వాళ్ళింట్లో నెల దాటని కవలలు. ఏమంటాను?

బుధవారం ఆఫీసులో ఇంజనీరు ఘైదా ముందు కాగితం.
"శనివారం రాత్రి తొమ్మిది ఘనపు మీటర్లు. ఎటు పోయాయి?"
నీళ్ళు నమిలాను.
మూడే గళ్ళు ఉన్నాయి అందులో:
లీకేజీ, దొంగతనం, మీటరు లోపం.
ఆమె ఫ్యాను వైపు చూసింది చాలాసేపు.
"ఆయన నువ్వులు ఎక్కువ చల్లేవాడు కదూ" అంది.
లీకేజీ అని రాసింది.
మరమ్మతు పూర్తయ్యే తేదీ దగ్గర
ఏమీ రాయలేదు.

మళ్ళీ మంగళవారం.
జేబులో కొత్త ఉత్తర్వు: పన్నెండు గంటలు.
మూత ఎత్తాను.
గాలి. తుప్పు.
మేడల మీద దీపాలు.
ఆగండి, వస్తున్నాయి.